గేటు పక్క దోదాన్

యమమొతో,
మే నెలాఖరు.

ఇజుషిలో ఆ ఇంటి ఇల్లాలికి,

కవరు మీద మొక్కల తోట పేరు చూసి ఏవో ధరల కాగితాలు అనుకుని ఉంటారు. కాదు. నా పేరు మిసావో. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నదాన్ని. చించి పారెయ్యకండి. ముందు చదవండి, తర్వాత మీ ఇష్టం.

మీ ఆయన గురించి అడగను. అత్తగారి గురించి అడగను. నా కూతురు మదోకాకి ఉత్తరం రాయనని, దాన్ని చూడ్డానికి ఆ ఊరు రానని నాలుగేళ్ళ కిందట కాగితం మీద, సంతకానికి బదులు వేసే నా పేరు ముద్ర వేసి ఇచ్చాను. మాట తప్పలేదు. మొక్క గురించి రాయకూడదని మాత్రం అప్పుడు ఎవరూ అనలేదు.

గేటు పక్కన గుండ్రంగా, నడుమెత్తు ఉన్న దోదాన్ పొద నేను నాటింది. నా పెళ్ళప్పుడు మా నాన్న దాన్ని గడ్డిచాపలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఈపాటికి దాని తెల్లటి గంటల పూలు రాలిపోయి ఉంటాయి. కత్తెర వేయాల్సింది ఇప్పుడే. వర్షాలు వెనకబట్టాక వేయకండి. ఆ వానల తర్వాతి ఎండాకాలంలో అది వచ్చే ఏటి మొగ్గల్ని కొమ్మల చివర్న కట్టుకుంటుంది. ఆలస్యంగా కోస్తే ఆ మొగ్గలన్నీ పోతాయి. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి చుట్టూ గునపం పెట్టనివ్వకండి. దాని మీద నీడ పడే వస్తువేదీ పెట్టకండి. ఎండ తగలకపోతే నవంబరులో ఎర్రబడదు, మాసిన గుడ్డలా పసుపుపచ్చగా ఉండిపోతుంది.

అంతే. జవాబు అక్కర్లేదు. ఒకవేళ రాస్తే పై చిరునామాకి, మా మేనమామ ఎగావా కిసాకు పేరున రాయండి.

మిసావో


ఇజుషి,
జూన్ మొదటి వారం.

మిసావోగారికి,

జవాబు అక్కర్లేదనుకునేవాళ్ళు చిరునామా ఇవ్వరు.

పెళ్ళికి ముందు నేను తొయోకా బస్సుల్లో కండక్టరుగా చేశాను. టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళని మొహం చూసే పట్టుకునేదాన్ని. అలాంటివాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తూ వాతావరణం గురించి మాట్లాడతారు. మీ ఉత్తరం చదివితే నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

దాన్ని స్నానాల గది పొయ్యిలో వేసేశాను. ఇకమీదట రాయకండి. అత్తగారికి తెలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఆ విషయంలో నాకంటే మీరే సీనియరు.

మొక్క బాగానే ఉంది. నిన్న అత్తగారు దారికి అడ్డమని కొడవలి పట్టుకుని దాని మీదికి వెళ్ళారు. "ఇలా ఇవ్వండి అత్తయ్యా, నేను చేస్తాను" అని కత్తెర తెచ్చాను. మీరు చెప్పారని కాదు, ఆవిడ చేతిలో కొడవలి చూడలేక. నేను కత్తెర పట్టుకున్నానో లేదో మదోకా వెళ్ళి పొద వెనక కూర్చుంది. ఎంత పిలిచినా రాలేదు. కోపమొస్తే ఆ పిల్ల మకాం అక్కడే. దాంతో కత్తెర తీసుకెళ్ళి లోపల పెట్టేశాను.

ఇంతకీ ఎంత కోయాలి? వేలెడా, చెయ్యెడా? ఇదొక్కటి చెప్పి ఊరుకోండి.

రిత్సుకో


యమమొతో,
జూన్ రెండో వారం.

రిత్సుకోగారికి,

వేలెడు. ఈ ఏడు వచ్చిన లేత రెమ్మలు మాత్రమే. బోర్లించిన గిన్నెలా ఉంటే చాలు.

వెనక అంటే గోడ వైపేనా? అక్కడ అడుగున ఒక ఎండుకొమ్మ ఉండేది, మొన చురుగ్గా ఉంటుంది. ఎవరైనా అక్కడ కూర్చుంటే సరిగ్గా కంటి ఎత్తుకి వస్తుంది. మొక్క ఆరోగ్యానికి దాన్ని మొదట్లోకి కోసెయ్యడం మంచిది. ఇవాళే కోయండి.

ఇంకొకటి. వెనక కూర్చున్నప్పుడు తల పైకి కనిపిస్తుందా, ఆకుల్లో మునిగిపోతుందా? పొద ఎత్తు అంచనా వేయడానికి అడుగుతున్నాను.

మిసావో


ఇజుషి,
జూలై నెలాఖరు.

మిసావోగారికి,

మీ కొలతలు నాకు బాగానే అర్థమయ్యాయి. తల పైకి కనిపిస్తుంది. కిందటేడు కనిపించేది కాదు. ముందు పళ్ళు రెండూ ఊడి కొత్తవి వచ్చాయి, కొంచెం పెద్దవే. బడిలో ఈత నేర్పుతున్నారు. నీళ్ళలో మొహం పెట్టడానికి భయం. లెక్కలు బాగా చేస్తుంది. బఠానీలు తినదు. నేను మొక్క గురించే చెబుతున్నాను.

ఎండుకొమ్మ ఆ రోజే కోసేశాను. మీరు చెప్పినంత చురుగ్గానే ఉంది.

ఇక్కడ వానల్లేవు. ఊళ్ళో కుళాయిలు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వస్తున్నాయి. "బియ్యం కడగడానికి లేవు గానీ పొదకి పోస్తావా?" అంటుంది అత్తగారు. అందుకని అందరి స్నానాలూ అయ్యాక తొట్టిలో మిగిలిన నీళ్ళు నేనూ మదోకా చెరో బకెట్టూ మోసుకెళ్ళి పోస్తున్నాం. మొదటిరోజు ఆ పిల్ల నాతో మాట్లాడకుండా మోసింది. నిన్న మాత్రం "పిన్నీ, నువ్వు సగం దారిలో ఒలకబోస్తున్నావు, కండక్టరుగా ఎలా చేశావు?" అంది. పెళ్ళయి రెండేళ్ళయింది, అది నన్ను వెక్కిరించడం ఇదే మొదలు. వెళ్ళి వంటగదిలో కాసేపు కూర్చున్నాను.

ఆకుల అంచులు మాడినట్టు అవుతున్నాయి. ఏం చేయాలి?

మీరు అడగని సంగతి ఇంకొకటి ఉంది. చెప్పాలో వద్దో తేలడం లేదు. వదిలేయండి.

రిత్సుకో


యమమొతో,
ఆగస్టు మొదట్లో.

రిత్సుకోగారికి,

మొదలు చుట్టూ గడ్డి మందంగా పరవండి. నీళ్ళు సాయంత్రం మాత్రమే పోయండి. మధ్యాహ్నం పోస్తే ఆ మట్టిలో వేళ్ళు ఉడికిపోతాయి. అంచులు మాడిన ఆకులు ఇక బాగుపడవు గానీ, పొద బతుకుతుంది.

సగం చెప్పి ఆపకండి. ఆ ఇంట్లో నాకు ఎవరూ ఏదీ పూర్తిగా చెప్పలేదు. రెండో బిడ్డ పురిట్లోనే పోయాక నేను మంచం పట్టి పుట్టింటికి వచ్చాను. "తగ్గేదాకా ఉండు, పిల్లని మేం చూసుకుంటాం" అన్నారు. తగ్గేసరికి విడాకుల కాగితాలు పోస్టులో వచ్చాయి. ఆయన ముద్ర అప్పటికే పడి ఉంది. కాగితాల మీద నా ముద్ర వేస్తే పిల్లని నెలకోసారి పంపుతాం అని నోటిమాటగా చెప్పి వేయించుకున్నారు. ఆ నెల ఇంతవరకూ రాలేదు. అందుకే, ఏదైనా సరే, పూర్తిగా చెప్పండి.

బకెట్టు బరువైనది మోయనివ్వకండి. సగం బకెట్టు చాలు. మొక్కకి.

మిసావో


ఇజుషి,
సెప్టెంబరు మొదట్లో.

మిసావోగారికి,

రెండు సంగతులు. మొదటిది జూలైలో చెప్పకుండా ఆపింది, తేలిక. నాకు నెల తప్పింది. ఫిబ్రవరి చివర్లో పురుడు.

రెండోది రాయడానికి మూడుసార్లు కాగితం తీసి లోపల పెట్టేశాను.

బోన్ పండగకి పెద్దల ఆత్మలు ఇంటికి వస్తాయని గుమ్మం ముందు మంట వేశాం. అత్తగారు లోపలికి వెళ్ళాక మదోకా ఇంకో నాలుగు పుల్లలు తెచ్చి మంటలో వేసింది. ఎందుకే అన్నాను. "అమ్మకి కనపడాలిగా. అమ్మ ఏటేటా ఇంకెక్కడికో వెళ్ళిపోతోంది. ఇల్లు మారలేదు కదా పిన్నీ, దారి తెలుసు కదా?" అంది.

మీరు జబ్బుచేసి ఆసుపత్రిలో పోయారని దానికి చెప్పారు. మీ ఉత్తరం వచ్చేదాకా నేను దాని మనసులో ఏముందో కనుక్కోలేదు. పిల్ల నోరు విప్పేది కాదు. నేనంటేనే ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. అత్తగారిని అడిగాను. "వదిలేసి పోయిందని చెప్పడం కన్నా పోయిందని చెప్పడం నయం. పిల్ల ఒక్కసారి ఏడ్చి ఊరుకుంటుంది" అంది. ఆయన పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పలేదు, తలా ఎత్తలేదు.

రిత్సుకో


యమమొతో,
సెప్టెంబరు నెలాఖరు.

రిత్సుకోగారికి,

మీ ఉత్తరం వచ్చాక మా మామయ్య నన్ను రెండుసార్లు పొలంలోంచి ఇంటికి పంపేశాడు. పైన్ మొక్కలకి బదులు వాటి ఊతకర్రలు కోశానట.

మంటలో పుల్లలు వేస్తున్నప్పుడు మీరు దానికి ఏమని జవాబు చెప్పారు? అది రాయలేదు మీరు. "దారి తెలుసమ్మా" అన్నారా? ఏ నోటితో అన్నారు? నా అక్షరాలు మీ పెట్టెలో ఉండగా, నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలిసి ఉండగా, నా కూతురి చేత నాకు కర్మ చేయించారు. పక్కన నిలబడి చూశారు. బస్సులో టికెట్టు లేనివాళ్ళని పట్టుకుంటానన్నారే, ఆ ఇంట్లో ఇంత అబద్ధం కూర్చుని ప్రయాణం చేస్తుంటే మీకు కనపడలేదా?

కడుపుతో ఉన్న మనిషిని ఇలా అనకూడదు. అనకూడదని తెలిసే అంటున్నాను.

మిసావో


ఇజుషి,
అక్టోబరు రెండో వారం.

మిసావోగారికి,

నేను అన్నది ఇది: "నాకు తెలియదు మదోకా." అంతకంటే మంచి మాట దొరకలేదు. మీకు దొరికితే చెప్పి ఉంచండి, మరోసారికి వాడతాను.

ఆవిణ్ణి ఏమీ అనలేక, ఆయన్ని ఏమీ అనలేక, చేతికి దొరికానని నా మీద పడ్డారు. పడండి. నేనూ అంతే చేస్తాను. కానీ మీ తిట్లు చదువుకునే తీరిక నాకు లేదు, ఎందుకంటే ఇక్కడ ఇంకేదో జరుగుతోంది.

ఆయన కారు కొంటున్నారు. అది లోపలికి రావాలంటే గేటు వెడల్పు చేయాలి, దోదాన్ పోవాలి. డిసెంబరు లోపల కొట్టేయిస్తామంటున్నారు. అది పైకి చెబుతున్న సంగతి. పైకి చెప్పనిది నేను గోడ పక్కనుంచి విన్నాను. ఒతారులో ఉండే మా పెద్దాడపడుచుకి పిల్లల్లేరు. మదోకాని వాళ్ళకి దత్తత ఇవ్వాలని అత్తగారు ఉత్తరాలు నడుపుతోంది. నాకు బిడ్డ పుట్టగానే. "కొత్త పసివాడొస్తే ఇద్దర్నీ కోడలు ఎక్కడ చూస్తుంది, అక్కడైతే మదోకా ఒక్కతే మహారాణిలా ఉంటుంది" అని. ఒతారు అంటే ఉత్తరాన సముద్రం దాటి. దత్తతకి తండ్రి ముద్ర చాలట, మిమ్మల్ని అడగక్కర్లేదట.

ఆయన ఇంకా ముద్ర వేయలేదు. "ఆలోచిద్దాం" అన్నారు. ఆయన ఆలోచిద్దాం అంటే ఏమిటో మీకు తెలుసు.

పొద ఇంకా ఎర్రబడలేదు. మాడిన ఆకులు మాడినట్టే ఉన్నాయి.

రిత్సుకో


యమమొతో,
అక్టోబరు నెలాఖరు.

రిత్సుకోగారికి,

తిట్టినందుకు క్షమించమని అడగను, తీరిక లేదు.

పొదని నేను తీసుకెళతాను. మా మామయ్య నవంబరు చివర్లో తొయోకాలో ఒక గుడికి చెట్లు దింపడానికి లారీలో వస్తున్నాడు. దోదాన్‌ని ఉచితంగా తవ్వి, గొయ్యి పూడ్చి ఇస్తానని మీ ఆయన పేరున వేరే ఉత్తరం రాయిస్తున్నాను. ఖర్చు లేని పనికి అత్తగారు అడ్డు చెప్పదు. మామయ్యని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

లారీలో మామయ్యతో పాటు ఒక ఆడకూలీ వస్తుంది. తలకీ మూతికీ తువ్వాలు కట్టుకుని ఉంటుంది. ఊరు రానని రాసిచ్చిన మాట తప్పుతున్నాను. చచ్చిపోయిన మనిషి మాట తప్పితే అడిగేవాళ్ళు ఉండరనుకుంటాను.

మాట్లాడను. దగ్గరికి వెళ్ళను. ఒక్కసారి చూస్తాను.

మిసావో


ఇజుషి,
నవంబరు రెండో వారం.

మిసావోగారికి,

వద్దు. ఆవిడ మిమ్మల్ని గుర్తుపడితే ఈ వారంలోనే పిల్లని రైలెక్కిస్తుంది. మీ నడక నేను ఎప్పుడూ చూడలేదు గానీ ఆవిడ ఏళ్ళ తరబడి చూసింది.

పైది నిన్న రాసింది. ఇవాళ మళ్ళీ రాస్తున్నాను. పొద్దున మంచు పడింది. మదోకా బడికి వెళుతూ గేటు దగ్గర ఆగి "పిన్నీ, రా, చూడు" అని అరిచింది. పొద మొత్తం ఒక్కసారే ఎర్రబడింది. మాడిన ఆకులు కూడా ఆ ఎరుపులో కనపడలేదు. ఎంత ఎరుపంటే పిల్ల బుగ్గల మీద ఆ రంగు పడుతోంది. దాని పుస్తకాల సంచీ ఎరుపు వెలిసిపోయినట్టయింది పొద పక్కన. "దీన్ని నిజంగా కొట్టేస్తారా?" అంది. లేదు, ఒక తోటవాళ్ళు తీసుకెళ్ళి బతికిస్తారన్నాను. "ఎవరు?" అంది. తెలిసినవాళ్ళు అన్నాను.

రండి. నెలాఖరు శనివారం రండి. ఆ రోజు అత్తగారు ముసలమ్మలతో కలిసి కినోసాకి వేన్నీళ్ళ స్నానాలకి వెళుతోంది. ఆయన బ్యాగుల కార్ఖానాలో ఉంటారు. శనివారం కాబట్టి మధ్యాహ్నానికే బడి వదులుతారు.

రిత్సుకో


యమమొతో,
డిసెంబరు మొదట్లో.

రిత్సుకోగారికి,

మీరు టీ తెచ్చేదాకా వంటింటి కిటికీ వెనకే ఉన్నారు. అక్కణ్ణుంచి కనపడనిది రాస్తున్నాను.

గేటు ముందు లారీ ఆగేసరికి అత్తగారు వరండాలో మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. చలివాన పడిందని స్నానాలు మానుకుందని అప్పుడు మాకేం తెలుసు? "వెనక్కి వెళ్ళిపోదామా?" అన్నాడు మామయ్య. నేను తువ్వాలు ఇంకో ముడి వేసుకుని దిగాను.

తవ్వుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు నా వీపు మీదే ఉన్నాయి. "ఇంత పొదకి అంత గొయ్యా?" అంది. "వేళ్ళు పక్కలకి పోతాయమ్మగారూ, మట్టిగడ్డతో సహా లేపకపోతే బతకదు" అన్నాడు మామయ్య. "ఆ మనిషి మాట్లాడదేం?" "జలుబండీ. గొంతు పోయింది." నేను ఇంకా కిందికి వంగాను. చేతులు గడ్డిచాప చుడుతున్నాయి, తాడు బిగిస్తున్నాయి. నా చేతులు నావి కానట్టే ఉన్నాయి.

అప్పుడు బడినుంచి వచ్చింది. మీరు రాసినంత పొడుగు లేదు. అంతకంటే పొడుగు ఉంది.

గొయ్యి అంచున నిలబడి "తవ్వితే దానికి నొప్పి పుడుతుందా?" అని అడిగింది. పుట్టదమ్మా అన్నాడు మామయ్య. "మీకెలా తెలుసు?" అంది. మామయ్య జీవితంలో ఎన్ని చెట్లు తవ్వాడో. వేసిన ముడినే విప్పి మళ్ళీ వేశాడు.

పొదని లారీ ఎక్కించాక అత్తగారు మీ చేత టీ పంపింది. "ఆ తువ్వాలు విప్పి తాగమ్మా" అని వరండాలోంచే కేకేసింది. నేను లారీ వెనక్కి వెళ్ళిపోయాను. మదోకా మీ చేతిలోంచి గ్లాసు తీసుకుని నా వెనకే వచ్చేసింది. మీరు ఆపబోయి ఆగిపోయారు.

గ్లాసు చేతికిచ్చి వెళ్ళలేదు. నేను తాగేదాకా నిలబడింది. తాగాలంటే తువ్వాలు దించాలి. దించాను.

చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అంది, "మీకు జలుబు లేదు. మీరు ఏడుస్తున్నారు." నేను మాట్లాడలేదు. "మీరెవరు?" అంది. అప్పుడూ మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఒక్క మాటతో ఆగేదాన్ని కాదు. అత్తగారు "మదోకా, దగ్గరికి పోకు, జలుబు అంటుకుంటుంది!" అని పిలిచింది. అది ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

దారంతా నేను వెనక, పొద పక్కనే కూర్చుని వచ్చాను. యమమొతో చేరేసరికి మిగిలిన ఆకులు చాలావరకు రాలిపోయాయి.

మీరేం చేసినా, పిల్ల ఒతారు వెళ్ళకుండా చూడండి. ఇదొక్కటే అడుగుతున్నాను. ఈసారి మొక్క గురించి కాదు.

మిసావో


తకెనో,
ఫిబ్రవరి మొదట్లో.

మిసావోగారికి,

పై ఊరు పేరు చూసి కంగారు పడకండి. ఇది నా పుట్టిల్లు. సముద్రం ఒడ్డున, ఇంటినిండా పీతల వాసన. మదోకా నా పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

జనవరిలో పురిటికి పుట్టింటికి వెళతానని చెప్పి, మదోకాని కూడా తీసుకెళతానన్నాను. "అది ఎందుకు, నీకు అడ్డం" అంది అత్తగారు. "అడ్డమైతే నేను చూసుకుంటాను. ఒతారు కాగితాలు చించి పొయ్యిలో వేసేదాకా నేనూ రాను, పిల్లా రాదు, కడుపులోదీ రాదు" అన్నాను. బస్సులో తాగి గొడవచేసేవాళ్ళని దించేటప్పుడు వాడే గొంతు. ఇంట్లో ఎప్పుడూ వాడలేదు. ఆవిడ నన్ను అనని మాట లేదు. చివరికి ఏడ్చింది కూడా. నాకు జాలేసింది, అయినా బస్సెక్కాను.

దారిలో మదోకా అడిగింది: "ఆ తోట ఆవిడ ఎందుకు ఏడ్చింది పిన్నీ?" ఆ రోజునుంచీ రోజూ అడుగుతోంది, నేను మాట మారుస్తున్నాను. ఇక మార్చలేదు. మొత్తం చెప్పాను. మీరు బతికే ఉన్నారని చెప్పాను.

సంతోషిస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. కోపం వచ్చింది దానికి. "మరి నేను మీరెవరు అని అడిగితే ఎందుకు చెప్పలేదు? నేను రెండుసార్లు మాట్లాడాను. ఆవిడ ఒక్కసారి కూడా మాట్లాడలేదు" అంది. మూడు రోజులు నాతోనూ మాట్లాడలేదు. ఇక్కడ వెనక దాక్కోవడానికి పొద లేదు. పడవ షెడ్డులో కూర్చునేది.

కిందటివారం ఆయన వచ్చారు. మంచులో బస్సు దిగి నడిచి వచ్చి, గడప లోపలికి రాకుండా నిలబడి, ఒతారు కాగితాల మీద ముద్ర వేయనని వాళ్ళక్కకి రాసేశానని చెప్పారు. తర్వాత ఇంకో మాట చెప్పారు. మే నెలలో వచ్చిన కవరు మీద మీ చేతిరాత మొదటిరోజే గుర్తుపట్టారట. అప్పట్నుంచీ ప్రతి ఉత్తరం వాళ్ళమ్మ కంటపడకముందే గేటు దగ్గరి ఉత్తరాల పెట్టెలోంచి తీసి వరండాలో ఉండే నా కుట్టుబుట్టలో పెట్టింది ఆయనేనట. నేను పోస్ట్‌మాన్ చేస్తున్న మంచితనం అనుకున్నాను! అన్ని నెలలు నేను భయపడి చచ్చాను, అన్ని నెలలు ఆయన తెలిసీ నోరు మెదపలేదు. కోపంతో ఒక పీత విసిరాను. ఉడికిందే. నిజానికి నాకు ఏడుపు కూడా వచ్చింది. ఆ మనిషికి అంతకంటే ధైర్యం లేదు. ఉన్నది అంతా వాడారు.

మదోకాకి మీరు రాయండి. దాని పేరునే రాయండి. ఇక మొక్క పేరు అక్కర్లేదు.

రిత్సుకో


యమమొతో,
మార్చి మొదట్లో.

రిత్సుకోకి,

మదోకాకి తమ్ముడు పుట్టాడని మీ నాన్నగారు పంపిన టెలిగ్రాం అందింది. పాలు బాగా పడడానికి ఇక్కడి పప్పు ఉండలు పంపుతున్నాను. నీళ్ళు బాగా తాగు. లోపల ఇంకో కాగితం ఉంది, దానికి ఇవ్వు. చదవనంటే బలవంతం చేయకు.

మిసావో


మదోకాకి,

నీ కోపం న్యాయమైనది. ఆ రోజు నువ్వు రెండుసార్లు మాట్లాడావు. నేను ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

నేను మాట్లాడితే నాయనమ్మకి వినపడుతుందని, నిన్ను దూరం పంపేస్తారని భయపడ్డాను. అది నిజం. కానీ అదొక్కటే కాదు. మీ అమ్మని అని చెబితే నువ్వు నమ్మవేమో అని కూడా భయపడ్డాను. నమ్మితే, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడుగుతావేమో అని ఇంకా భయపడ్డాను. రాకూడదని ఒక కాగితం మీద ముద్ర వేశాను. ఆ కాగితాన్ని నీకంటే ఎక్కువ లెక్క చేశాను. అలా చేయకుండా ఉండాల్సింది.

నువ్వు అడిగిన మొదటి ప్రశ్నకి మా మామయ్య తప్పు చెప్పాడనుకుంటున్నాను. తవ్వితే వేళ్ళు తెగుతాయి. తెగితే ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని నొప్పి అంటారో లేదో నాకు తెలియదు.

నీకు రాయాలనిపిస్తే రాయి. తిట్లైనా సరే.

అమ్మ


ఇజుషి,
ఏప్రిల్, ఆదివారం.

మిసావోగారికి,

పిన్ని "అమ్మకి" అని రాయమంది. నేను ఇంకా ఆలోచించుకుంటున్నాను.

తమ్ముడు ఎప్పుడూ పాలు తాగి నిద్రపోతాడు. పిన్ని మళ్ళీ ఇంటికి వచ్చేసింది. నాయనమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది గానీ పిన్నితో సరిగ్గా మాట్లాడదు. నాతో అప్పుడప్పుడూ మాట్లాడుతుంది. నేను నాయనమ్మని "ఎందుకు అలా చెప్పావు?" అని అడిగాను. కళ్ళజోడు తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది.

గేటు దగ్గర గొయ్యి పూడ్చేశారు. కారు వచ్చింది. కారు ఎక్కితే నాకు వాంతి వస్తుంది.

నాకు మీ మీద ఇంకా కోపంగానే ఉంది. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వేళ్ళ గురించి చెప్పింది నిజమేననిపించింది.

వచ్చే ఆదివారం నాన్న నన్ను రైల్లో యమమొతో తీసుకొస్తాడట. తోట గేటు దాకా వస్తాడట, లోపలికి రాడట. సిగ్గట. నేను ఒక్కదాన్నే లోపలికి వస్తాను. నేనొచ్చాక మీరు మాట్లాడాలి.

దోదాన్ ఎలా ఉంది? చచ్చిపోతే చచ్చిపోయిందనే రాయండి. బతికి ఉంటే బతికి ఉందని రాయండి. మీరు ఏం రాసినా నేను వచ్చి నా కళ్ళతో చూస్తాను.

మదోకా